బుడగ కారా, రబ్బరు బ్యాండు కారా: పిల్లల చేత ఏది చేయించాలి?

ఇంట్లో ఉన్నవాటితోనే పిల్లల చేత కదిలే బొమ్మ చేయించాలంటే ఈ రెండూ సులువు. కావాల్సినవీ దాదాపు ఒకటే: అట్టపెట్టె ముక్క, నాలుగు సీసా మూతలు, స్ట్రా, ఇరుసులకు అయిపోయిన పెన్ను రీఫిల్స్. మూతలకు సరిగ్గా నడిమధ్యన బెజ్జం పెట్టే పని పెద్దవాళ్లది. బెజ్జం కాస్త పక్కకు పోయినా బండి కుంటుతుంది.

బుడగ కారు అరగంటలో తయారు. బుడగ మూతికి స్ట్రా దూర్చి, దారంతో బిగించి, అట్టకు అంటించి, ఊది వదలడమే. గాలి వెనక్కి, కారు ముందుకు. న్యూటన్ మూడో సూత్రం కళ్లెదుటే కనిపిస్తుంది, పిల్లల కేకలకు అంతుండదు. చిక్కల్లా ఒక్కటే: ప్రతిసారీ ఒకేలా ఊదలేం. కారు ఈసారి తక్కువ దూరం పోతే చక్రం బిగుసుకుందా, గాలి లీకవుతోందా, తక్కువ ఊదామా అన్నది తేలదు. బుడగ చుట్టూ దారం పెట్టి కొలవొచ్చు కానీ చిన్నపిల్లలకు అంత ఓపిక ఉండదు.

నా ఓటు రబ్బరు బ్యాండు కారుకే. బ్యాండు ఒక కొస అట్ట ముందుభాగాన కట్టాలి. వెనక ఇరుసుకు అగ్గిపుల్ల ముక్కను టేపుతో అంటించి, రెండో కొస దానికి తగిలించాలి. కారును వెనక్కి జరిపితే బ్యాండు ఇరుసుకు చుట్టుకుంటుంది, వదిలితే పరుగే. ఇక్కడ ఇరుసు, వెనక చక్రాలు కలిసి తిరగాలి. మూత వదులైతే ఇరుసు ఒక్కటే తిరిగి, కారు కదలదు. ఆ తప్పు కంటికి కనిపిస్తుంది, దిద్దుకునేదీ పిల్లలే. నున్నటి గచ్చు మీద చక్రం జారితే మూత చుట్టూ ఇంకో రబ్బరు బ్యాండు తొడిగితే చాలు. ముంజకాయల బండి తోసిన పిల్లలకైతే ఇరుసు సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

అసలు మజా వెనక మూతలు తీసి పాత సీడీలు పెట్టినప్పుడు. సీడీ నడుమ 1.5 సెంటీమీటర్ల రంధ్రం ఉంటుంది, దాని మీద బెజ్జం పెట్టిన మూతను అంటించాలి. మూత వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు, ఒక చుట్టుకు 9 సెంటీమీటర్లకు పైగా పోతుంది. సీడీ వెడల్పు 12, ఒక చుట్టుకు దాదాపు 38. అవే పది చుట్లకు నాలుగు రెట్ల దూరం! కానీ పెద్ద చక్రాన్ని కదిలించడానికి బ్యాండు గట్టిగా లాగాలి, పాత బ్యాండైతే మొరాయిస్తుంది. బడిలో బట్టీపట్టిన చుట్టుకొలత సూత్రం ఇక్కడ టేపు పట్టి కొలిస్తే తేలుతుంది.

ఆరేడేళ్ల వాళ్లకు బుడగ కారే సరి. అయితే ఊదేది పెద్దవాళ్లే కావాలి, పగిలిన ముక్కలు వెంటనే తీసేయాలి, అవి గొంతులో అడ్డుపడతాయి. ఎనిమిది దాటినవాళ్లకు బ్యాండు కారు ఇవ్వండి. బ్యాండు తెగి కంటికి తగలొచ్చు, చుట్టేటప్పుడు ముఖం దూరంగా ఉంచమనండి.