63 అంగుళాల బాల్సా ట్రైనర్: రెండేళ్లు ఎగరేశాక

బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేసిన, రిమోట్‌తో ఎగరేయడం నేర్చుకునే ఈ మోడల్ విమానం చక్కగా ఎగురుతుంది, ధైర్యంగా కొనుక్కోవచ్చు. కానీ ఫ్యాక్టరీ వేసిన అతుకుల్ని ఒక్కొక్కటీ చూసుకోకుండా మాత్రం గాల్లోకి లేపకండి. సుమారు 200 సార్లు ఎగరేశాక చెబుతున్న మాట ఇది.

రెక్కల పొడవు 1600 మి.మీ. 700 కేవీ (వోల్టుకి 700 చుట్ల) మోటారు, 60 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నడిపే పరికరం), 13×6.5 అంగుళాల ప్రొపెల్లర్, 4 సెల్ 4000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీతో 2.6 కిలోలు తూగింది. ఫుల్ త్రాటిల్‌లో 38 ఆంపియర్లు లాగుతుంది. కిలోకి 200 వాట్లు పడుతుంది కాబట్టి ట్రైనర్‌కి ధారాళం. 8 నిమిషాలకు దింపేస్తే బ్యాటరీలో 30 శాతం మిగులుతుంది.

ముందు చూడాల్సింది ఫైర్‌వాల్, అంటే మోటారు బిగించే ముందు పలక. మాకొచ్చిన దాంట్లో లోపలి మూలల్లో జిగురు చుక్కలు చుక్కలుగా ఉంది, బొటనవేలితో నొక్కితే కిర్రుమంది. మూలల్లో త్రికోణపు బాల్సా ముక్కలు పెట్టి 30 నిమిషాల్లో గట్టిపడే ఎపాక్సీ జిగురు పూశాం, మళ్లీ కదల్లేదు. మోటారు లాగుడంతా ఆ పలక మీదే పడుతుంది, ఇందులో బద్ధకం పనికిరాదు.

స్టెబిలైజర్ (తోక దగ్గరి అడ్డ రెక్క) అతికే చోట కవరింగ్ (పైన చుట్టిన ప్లాస్టిక్ ఫిల్మ్) తీసేయాలి, ఎపాక్సీ ఆ ఫిల్మ్‌ని సరిగ్గా పట్టుకోదు. ఇక్కడే చాలామంది బ్లేడు గట్టిగా నొక్కి, కింది బాల్సాని కూడా గీసేస్తారు. కంటికి ఆనని ఆ గీటు దగ్గరే ఏదో ఒక రోజు లూప్‌లో (గాల్లో నిలువుగా గుండ్రంగా తిప్పినప్పుడు) తోక విరుగుతుంది. సోల్డరింగ్ ఐరన్ మొనని స్కేలు వెంట తేలిగ్గా లాగండి, ఫిల్మ్ ఒక్కటే కరిగి విడిపోతుంది. గీత ఫ్యూజలేజ్ (విమానం మొండెం) అంచుకి 2 మి.మీ. లోపలే ఉండాలి. అతికించే ముందు రెక్క కొస నుంచి స్టెబిలైజర్ కొస దాకా రెండు వైపులా దారంతో కొలిచి సరిచూసుకోండి.

రెక్కలో, తోకలో కదిలే పలకల్ని పట్టే హింజ్‌లకి పల్చటి సీఏ (సూపర్‌గ్లూ రకం) జిగురే వాడాలి, ఒక్కో వైపు ఆరు చుక్కలు. చిక్కటిది లోపలికి ఇంకదు. ఆరాక ప్రతి హింజ్‌నీ లాగి చూడండి. సర్వో (ఆ పలకల్ని కదిలించే చిన్న మోటారు) స్క్రూ రంధ్రాల్లో కూడా ఒక చుక్క వేసి ఆరనిస్తే చెక్క గట్టిపడి మరలు వదులవ్వవు. డబ్బాలో వచ్చిన క్లెవిస్‌లు (సర్వో కడ్డీని పలకకి తగిలించే క్లిప్పులు) మార్చేశాం, వాటి పిన్నులు వదులు.

సీజీ (విమానం బరువు సమంగా తూగే చోటు) రెక్క ముందంచు నుంచి 85 మి.మీ. దగ్గర పెట్టి మొదలుపెట్టండి, అలవాటయ్యాక 90కి జరపొచ్చు. త్రాటిల్ పెంచగానే ముక్కు పైకి లేస్తుంటే ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) ట్రిమ్‌తో, అంటే రిమోట్‌లోని చిన్న సర్దుబాటుతో సరిపెట్టకండి. మోటారు మౌంట్ పై స్క్రూల వెనక ఒక్కో వాషర్ వేస్తే మోటారు కిందికి వాలి ఆ గుణం తగ్గిపోతుంది. స్టాల్ అయితే (వేగం తగ్గి రెక్కలు మోయలేకపోతే) ముక్కు నేరుగా దిగుతుంది, ఒక పక్క రెక్క వాలిపోదు. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! గాలి గంటకి 20 కిలోమీటర్లు దాటితే మాత్రం దిగేటప్పుడు తేలిపోతూ సతాయిస్తుంది.

మన ఎండలకి కవరింగే పెద్ద తలనొప్పి. మే నెలలో మూసిన కారులో వదిలేస్తే ఒక్క మధ్యాహ్నంలో ముడతలు తేలుతుంది, ముదురు రంగు భాగాలు ఇంకా ముందు. కవరింగ్ ఐరన్‌ని 120 డిగ్రీల దగ్గర పెట్టి అంచులు ముందు అతికించి, మధ్య భాగం తర్వాత లాగాలి. రెక్కని పట్టే రబ్బరు బ్యాండ్లు పన్నెండు వాడండి, చివరి రెండూ అడ్డంగా. ఎండకి అవి పెళుసెక్కుతాయి, సాగదీసి చూసినప్పుడు సన్నటి పగుళ్లు కనిపిస్తే మొత్తం సెట్ పారేయండి. నోస్ గేర్ (ముక్కు కింది చక్రం) తీగ ఎగుడుదిగుడు గడ్డిలో తరచూ వంగుతుంది. వైస్‌లో పెట్టి సరిచేయొచ్చు గానీ, విడిగా ఒకటి సంచిలో ఉంచుకోండి.