ప్రోబయోటిక్: బ్యాక్టీరియా క్యాప్సూలా, ఈస్ట్ సాచెటా?

యాంటీబయోటిక్ వాడేటప్పుడు విరేచనాలు పట్టుకుంటే మెడికల్ షాపువాళ్లు ఈ రెండు రకాల ప్రోబయోటిక్‌ల్లో (పేగులకి మేలుచేసే, బతికున్న సూక్ష్మజీవులు) ఏదో ఒకటి చేతిలో పెడతారు.

లేబుల్: బ్యాక్టీరియా రకానికి అసలు చిక్కు ఇక్కడే. ఉత్త ‘లాక్టోబాసిల్లస్’ అని ఉంటే చాలదు. ‘రామ్నోసస్ జీజీ’ అన్నట్టు స్ట్రెయిన్ (ఆ జాతిలోని ఉపరకం) గుర్తు దాకా ఉండాలి. ‘తయారీ నాటికి 500 కోట్ల సీఎఫ్‌యూ’ (బతికున్న సూక్ష్మజీవుల లెక్క) అని రాస్తే, మీరు మింగే రోజుకి ఎన్ని బతికుంటాయో చెప్పనట్టే. ‘గడువు తేదీ వరకు’ అన్న అంకె ఉన్నదే కొనండి. ఈస్ట్‌లో ‘సాకరోమైసెస్ బౌలార్డీ’, మోతాదు (సాధారణంగా 250 మి.గ్రా.) చూడాలి.

నిల్వ: 2–8 డిగ్రీలని రాసున్న డబ్బాని మే నెల ఎండల్లో బయటి అరలోంచి తీసిస్తే తీసుకోకండి. ఈస్ట్ పొడికి అంత పట్టింపు లేదు, తేమ తగలకపోతే చాలు. రెండింటినీ వేడి పాలలో మాత్రం కలపొద్దు, చచ్చిపోతాయి.

టైమింగ్: బ్యాక్టీరియాకీ యాంటీబయోటిక్‌కీ మధ్య కనీసం 2 గంటల ఎడం. ఈస్ట్ ఒక రకం ఫంగస్, దాన్ని యాంటీబయోటిక్ ఏమీ చేయదు. ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందు చంపేస్తుంది.

రిస్క్: సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసిన గొట్టం) ఉన్నవాళ్లకి, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకి ఈస్ట్ వద్దు. రక్తంలోకి చేరే ప్రమాదముంది. వాళ్లకి బ్యాక్టీరియా అయినా డాక్టర్ చెబితేనే.

రోజుకి మూడు పూటలా యాంటీబయోటిక్ పడుతుంటే ఈస్టే సులువు. ఫంగస్ మందు కూడా నడుస్తుంటే బ్యాక్టీరియా.