రెడ్‌హిల్స్ షెడ్డుకి డిజైన్ చేయించుకున్న అనుభవం (5కి 4 స్టార్లు)

చెన్నై రెడ్‌హిల్స్ దగ్గర మా చిన్న ఫ్యాక్టరీకి స్టీల్ షెడ్డు వేయిద్దామని తిరిగితే, మొదట దొరికిన ఫ్యాబ్రికేటర్ బెంగళూరులో మా బావ వేయించుకున్న షెడ్డు డ్రాయింగ్ చూసి "ఇదే దించేద్దాం సార్, బోలెడు మిగులుతుంది" అన్నాడు. నేనూ దాదాపు ఒప్పేసుకున్నాను. ఎవరో చెబితే అంబత్తూరులో ఈ స్ట్రక్చరల్ కన్సల్టెంట్ దగ్గరికి వెళ్లాను కాబట్టి సరిపోయింది.

ఆయనది నెల్లూరు. డ్రాయింగ్ చూడగానే "గాలి లెక్క చూశారా అండీ?" అన్నారు. కట్టడాలపై గాలి భారాన్ని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం బెంగళూరుకి బేసిక్ గాలి వేగం సెకనుకి 33 మీటర్లు, చెన్నైకి 50. ఒకటిన్నర రెట్లే కదా అనుకున్నా, కానీ ఒత్తిడి వేగం వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుందట, అంటే రెండు రెట్లు దాటిపోతుంది! పైగా మనది తుఫాన్ల తీరం, కాబట్టి 2015 సవరణ ప్రకారం పారిశ్రామిక కట్టడాలకి ఆ వేగాన్ని ఇంకో 15 శాతం పెంచి లెక్కేయాలి. గాలి రేకుల్ని పైకి లాగేస్తుందని, అందుకే పర్లిన్లు (రేకుల్ని మోసే అడ్డ కడ్డీలు), స్క్రూలు, పునాదిలో యాంకర్ బోల్టులు అన్నీ ఆ లాగుడికి ఆగాలని ఓపిగ్గా కాగితం మీద గీసి చూపించారు. 2016లో వర్దా తుఫాను చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

స్టీలు బరువు పెరిగింది, కడుపు మండింది, నిజమే.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, ఫోన్ ఎత్తరు. రెండు వారాలన్న రిపోర్టు ఐదు వారాలు పట్టింది. ఫీజులో రూపాయి తగ్గించరు, కాఫీ మాత్రం ఇస్తారు.