కారులోకి వాన నీళ్లు: బ్యూటైల్ టేపు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

వైజాగ్‌లో అక్టోబరు, నవంబరు వచ్చాయంటే వాన నిలువుగా పడదు, పక్కనుంచి కొడుతుంది. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్లకు గాలివాన ఎలాంటి సందులోంచైనా దూరుతుందని వేరే చెప్పక్కర్లేదు. మ్యాట్ కింద తడి తగలగానే చాలామంది స్పేర్ పార్టుల షాపుకెళ్లి సిలికాన్ ట్యూబు తెచ్చుకుంటారు. అడగాల్సింది బ్యూటైల్ టేపు, అంటే నల్ల తాడులా చుట్ట చుట్టి అమ్మే జిగట రబ్బరు. డోరు లీకుకు దాన్ని మించింది లేదు. అలాగని ప్రతి లీకుకూ అదే మందు కాదు.

కొనేముందు నీళ్లు ఎక్కడివో తేల్చుకోవాలి. వాన లేని రోజు కూడా ఎడమవైపు ముందు సీటు కాళ్ల దగ్గర తడిస్తే ముందుగా ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి. సముద్రం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇక్కడ ఏసీ వదిలే నీళ్లూ ఎక్కువే. తడి జిగటగా, రంగుతో, తియ్యటి వాసనతో ఉంటే అది హీటర్‌లోంచి కారే కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) కావచ్చు, మెకానిక్‌కు హీటర్ చూపించాలి. వాన పడ్డాకే తడుస్తుంటే అప్పుడు పైపుతో పరీక్ష చేయాలి. కార్పెట్ ఎత్తి, టార్చితో ఒకరు లోపల కూర్చోవాలి. బయట ఇంకొకరు నాజిల్ లేని పైపుతో సన్నటి ధార వదలాలి. కిందనుంచి మొదలుపెట్టి ఒక్కోచోట 5 నిమిషాలు ఆగుతూ పైకి వెళ్లాలి. పైనుంచి మొదలుపెడితే జారిన నీళ్లు అన్నిచోట్లా తడి చేసి, అసలు కన్నం ఎక్కడుందో తెలియనివ్వవు. ప్రెషర్ వాషర్ వద్దు, అది బాగున్న రబ్బరును కూడా దాటి లోపలికి కొడుతుంది.

కన్నం దొరక్కపోతే ఇంకో దారి ఉంది. అద్దాలు, డోర్లు మూసి, బయటి గాలి లోపలికొచ్చే మోడ్‌లో బ్లోయర్ ఫుల్‌లో పెట్టాలి. బయట బీడింగ్ మీద, టెయిల్ ల్యాంపుల చుట్టూ సబ్బునీళ్లు రాస్తే సందున్నచోట బుడగలు లేస్తాయి. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు.

ఇక టేపు అసలు ఉద్యోగం డోరులో. అద్దం పక్క రబ్బరు దాటి నీళ్లు డోరు లోపలికి పోవడం లోపం కాదు, తయారీయే అంత. అవి అడుగు కన్నాల్లోంచి బయటికి పోవాలి. లోపలి రేకుకూ డోర్ ప్యాడ్‌కూ మధ్య ఉండే ప్లాస్టిక్ షీటు వాటిని కేబిన్‌లోకి రానివ్వదు. స్పీకర్లు మార్చినప్పుడో, పవర్ విండో బాగుచేసినప్పుడో ఆ షీటును పీకి, సెల్లో టేపు ముక్కలతో అతికించి వదిలేస్తారు. లీకు మొదలయ్యేది అక్కడే.

పాత జిగురు గోకొద్దు. కొత్త బ్యూటైల్‌ను ఉండచేసి దానిమీద అద్ది లాగితే పాతది దానికే అంటుకుని వస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రేకు తుడిచి బాగా ఆరనివ్వాలి. తడిమీద, గ్రీజుమీద బ్యూటైల్ అసలు పట్టదు. 8 మి.మీ. తాడు డోరుకు సుమారు 3 మీటర్లు పడుతుంది. సాగదీయకుండా వేసి, రెండు కొసలు కలిసేచోట 2 సెం.మీ. ఒకదానిమీద ఒకటి ఎక్కించాలి. షీటు అడుగు అంచు డోరు లోపలి వైపుకు వెళ్లే కార్లలో దాన్ని మళ్లీ అలాగే దూర్చాలి, లేకపోతే నీళ్లు గడప మీదకి దిగుతాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి బొటనవేలితో చుట్టూ నొక్కాలి.

బ్యూటైల్ గట్టిపడదు, అదే దాని గొప్పతనం. ప్యాడ్ మళ్లీ విప్పాల్సొచ్చినా షీటు చిరగకుండా వస్తుంది. మంచి సరుకు వేళ్లతో లాగితే దారంలా సాగుతుంది, నాసిరకం పుటుక్కున తెగుతుంది.

ముందు అద్దానికి మాత్రం ఇది వాడొద్దు. అక్కడ ప్రైమర్‌తో సహా పాలీయూరెథేన్ జిగురే పడాలి, ఎందుకంటే ఆ అద్దం బాడీ బలంలో భాగం. సిలికాన్ ఇంకా చెడ్డది. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు ఆమ్లం వదిలి, రంగు పోయిన రేకును తినేస్తుంది. దాని పొర మిగిలినచోట తర్వాత పెయింటూ పట్టదు, అసలైన జిగురూ పట్టదు. ఉప్పుగాలి ఊళ్లో ఆ తప్పు చాలా ఖరీదు. ఆటోనగర్‌లో పని చేయించినా ఏ జిగురు వేస్తున్నారో ముందే అడగండి.

వైపర్ల కింది గాడిలో వేపాకు పేరుకున్నా, సన్‌రూఫ్ నాలుగు మూలల పైపులు పూడినా ఏ టేపూ అక్కర్లేదు. ఆకులు తీసి, సన్‌రూఫ్ పైపులోకి మెత్తటి నైలాన్ తీగ పంపితే చాలు. కంప్రెసర్ గాలి కొడితే పైపు లోపల ఊడిపోవచ్చు, అప్పుడు నీళ్లు నేరుగా రూఫ్ లైనింగ్‌లోకే.

లీకు ఆగాక కార్పెట్ పైన ఆరితే సరిపోదు, కింది ఫోమ్ పిండితే నీళ్లు కారుతుంటాయి. సీటు విప్పాలంటే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, సీటు కింది పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. కార్పెట్ కింద చెక్కముక్క పెట్టి ఫ్యాను తిప్పితే 2, 3 రోజుల్లో ఫోమ్ ఆరుతుంది. అది ఆరేదాకా మ్యాట్లు పరవొద్దు.