జాగ్రత్త: 'నేచురల్' క్రిస్టల్స్ అని గాజు ముక్కలు, 'కిల్న్ డ్రైడ్' అని పచ్చి మొద్దు

దుంగల మీద ఊదారంగు రాళ్ళు పేర్చి రీల్స్ వదిలే ఆ పేజీ ఏదో మీలో సగంమందికి తెలుసు. పేరు చెప్పను. చెక్క, క్రిస్టల్స్ కలిపి లైట్లు చేసేవాళ్ళు ముడిసరుకు కోసం ఈమధ్య అక్కడికే ఎగబడుతున్నారు కాబట్టి రాస్తున్నా. నిన్నటి కోపం ఇంకా దిగలేదు, మాట తూలితే సర్దుకోండి.

ఆర్డరు ఇదీ: రెండున్నర అడుగుల చింత వేరుమొద్దు ఒకటి, 'కిల్న్ డ్రైడ్', అంటే బట్టీలో లోపలిదాకా ఆరబెట్టినదని. 'హిమాలయన్ రాక్ క్రిస్టల్' పాయింట్లు, అంటే మొన తేలిన స్ఫటికం ముక్కలు 40, మూడు నాలుగు అంగుళాలవి. 'రెడీ టు గ్లో' లైటు కిట్టు. మొత్తం 23,400 రూపాయలు, ముందే యూపీఐలో. అవును, ముందే. తిట్టాలనుకునేవాళ్ళు ఇక్కడే తిట్టేసి ముందుకెళ్ళండి.

అసలు స్ఫటికాన్ని అరచేతిలో పెట్టుకుంటే చల్లదనం అంత తొందరగా వదలదు. ఇవి చూస్తుండగానే గోరువెచ్చనయ్యాయి. కిటికీ దగ్గర 10ఎక్స్ లెన్స్ పెట్టి చూస్తే లోపల గుండ్రటి బుడగలు. స్ఫటికంలో పొరలుంటాయి, తెరలుంటాయి, మబ్బులా మసక ఉంటుంది. సోడా బుడ్డిలోలా గుండ్రటి బుడగలు ఉండవు. నలభైలో ముప్పయ్యొకటికి బుడగలున్నాయి. మిగతా తొమ్మిదీ మరీ తేటగా ఉన్నాయి, అదింకా అనుమానం. చివరికి ఒకదాని అడుగున, ఎలాగూ చెక్కలోకి దిగిపోయే చోట, ఆకురాయితో ఒక్క గీత గీస్తే తెల్లటి పొడి రాలింది. రాళ్ళ గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా చెప్పే మోస్ కొలతలో స్ఫటికం 7, మామూలు గాజుది అయిదున్నర దగ్గర, ఆకురాయి ఉక్కు ఆ రెంటికీ మధ్య. స్ఫటికమైతే ఉక్కే అరగాలి తప్ప రాయి మీద గీత పడకూడదు.

ఫోన్ చేశాను. డబ్బు పడేదాకా "అక్కా, మీకోసం ఏరి పెడతా" అన్న గొంతే, నిన్న "మేడమ్" అంది.

"గీత ఎలా పడింది మేడమ్?"

"ఆకురాయితో చూశాను. స్ఫటికమైతే పడదు."

"అంటే మీరే గీకారు. డ్యామేజ్ చేసిన సెట్టు రిటర్న్ తీసుకోం."

"గీకకుండా గాజని ఎలా తెలుస్తుంది?"

"తెలిసి ఏం చేస్తారు మేడమ్? లైటు వేస్తే వెలుగుతుందిగా."

నేచురల్ అని రాశారు కదా అంటే, "నేచురల్ లుక్ మేడమ్, రీల్ కింద చదవండి" అన్నాడు. ఫోన్ పెట్టేసి వెళ్ళి చూశాను. నిజమే, 'లుక్' అని ఉంది. దాని పక్కనే చిన్నక్షరాల్లో 'ఎడిటెడ్' అనీ ఉంది. నేను మాట్లాడుతుండగానే ఎవరో కూర్చుని ఆ ఒక్క మాట చేర్చారన్నమాట! పాత క్యాప్షన్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోని నా తెలివికి దండం. బిల్లు తీసి చూస్తే దాని మీద 'డెకార్ ఐటమ్స్' తప్ప ఇంకో ముక్క లేదు.

ఇక ఆ "వెలుగుతుందిగా" సంగతి. వెలగదు. స్ఫటికం మొదలు దగ్గర పాలలాంటి మసక, లోపల సన్నటి పగుళ్ళు ఉంటాయి. కిందనుంచి 2700కె లైటు, అంటే పసుపుపచ్చటి వెచ్చని వెలుగు కొడితే ఆ పొరలు వెలుగుని పట్టుకుంటాయి, రాయి రాయంతా వెలుగుతున్నట్టుంటుంది. తేట గాజు దేన్నీ పట్టుకోదు. పైనుంచి చూస్తే ఎల్‌ఈడీ చుక్కలు చీమల బారులా కనిపిస్తాయి, అంతే. గాజుతో చేయకూడదని కాదు. అడుగుని 220 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) మీద నీళ్ళు పోసి రుద్ది మసక చేసి, లైటుకీ గాజుకీ మధ్య 3 మి.మీ. పాలరంగు యాక్రిలిక్ రేకు వేస్తే చక్కగా వస్తుంది. కాకపోతే గాజుకి గాజు ధరే ఇవ్వాలి.

మొద్దు ఇంకా ఘోరం. చెక్కలో తేమ కొలిచే మీటర్ పెడితే 11 శాతం చూపించింది, సంబరపడ్డాను. మీటర్ ముళ్ళు దిగేదే అయిదారు మిల్లీమీటర్లు, అది పై తోలు లెక్క! ఆ మాట నలుగురికీ చెప్పేదాన్ని, నా సరుకు దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. వైరు కోసం 12 మి.మీ. బిట్టుతో కిందనుంచి తొలిస్తే రెండంగుళాల దాకా పొడి పొట్టు వచ్చింది. ఆ తర్వాత బిట్టుకి చుట్టుకుని ఉండలుగా, వేళ్ళకి అంటుకునేంత తడిగా వచ్చింది, పచ్చి వాసనతో. రెండు పొడుగు మేకులు లోపలిదాకా దించి, మీటర్ ముళ్ళు వాటికి ఆనిస్తే 26. బయట ఎండలో పడేసి పై పెచ్చు ఆరగానే అమ్మేశారు.

వచ్చిన రోజు తూకం 14.2 కిలోలు. ఏసీ గదిలో తొమ్మిది రోజులయ్యాక 13.1. ఆ పోయిన 1.1 కిలోలు నీళ్ళే, చెక్క రేటుకి కొన్న నీళ్ళు. పదో రోజు మూలుగ (మొద్దు నట్టనడిమి మెత్తటి భాగం) దగ్గర మొదలై అంచుదాకా బీట తీసింది, రూపాయి బిళ్ళ నిలబెట్టి దూర్చవచ్చు. దీనికి వాతావరణాన్ని అనక్కర్లేదు. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంట ఎంత కుంచించుకుంటుందో, మధ్యనుంచి అంచుకి అందులో దాదాపు సగమే కుంచించుకుంటుంది. మూలుగ లోపలే ఉన్న గుండ్రటి మొద్దు ఆరితే ఎక్కడో ఒకచోట చీలి తీరుతుంది. అది ముందే చీలనిచ్చి, ఆ చీలికలోనే ఎల్‌ఈడీ స్ట్రిప్ దాచడం మన పని. రాళ్ళు దించాక చీలితే మాత్రం గుంటలు గుండ్రం తప్పి బిగుసుకుంటాయి, రాయి అంచు చిట్లుతుంది, లేదా ఎపాక్సీ జిగురు పట్టు వదిలి ఊడి పడుతుంది. నయం, ఒక్క రాయి కూడా దించలేదు.

కిట్టు గురించి చెప్పాలంటే సిగ్గేస్తుంది. స్ట్రిప్ మీటరుకి 14.4 వాట్లు, రెండు మీటర్లు, అంటే 28.8. ఇంటి కరెంటుని తగ్గించి స్ట్రిప్‌కి ఇచ్చే డబ్బా, అదే డ్రైవర్, 12 వోల్టులు, 2 ఆంపులు, అంటే 24. ఎనభై శాతానికి మించి లోడు పెట్టకూడదనుకుంటే 36 వాట్లది కావాలి. పైగా అది మొద్దు లోపల కూర్చునే రకం, 230 వోల్టులు అక్కడిదాకా వస్తాయి. ఇచ్చింది రెండు కోర్ల వైరు, ఇనుప డబ్బా మీద ఎర్త్ స్క్రూ ఖాళీ. చుట్టూ పచ్చి చెక్క. ఎల్‌ఈడీ డ్రైవర్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఐఎస్ 15885. 'ఆర్-'తో మొదలయ్యే నంబరు దాని మీద ఉండాలి. దీని మీద ఉన్నది నవ్వుతున్న సూర్యుడి బొమ్మ.

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. గీకకండి, గీకితే ఏమంటారో చూశారుగా. ల్యాప్‌టాప్‌లో తెల్ల స్క్రీన్ పెట్టి, పోలరైజ్డ్ చలవద్దం అడ్డం పట్టి స్క్రీన్ నల్లగా అయ్యేదాకా తిప్పండి. రెంటి మధ్యా రాయి పెట్టి అటూ ఇటూ తిప్పి చూడండి. స్ఫటికమైతే నలుపులో రంగులు మెరుస్తాయి, గాజైతే దాదాపు నల్లగానే ఉంటుంది. రాయికి గీత పడదు, వాళ్ళకి సాకూ దొరకదు. మొద్దుకైతే తాజాగా కోసిన ముఖం మీద మీటర్ పెట్టిన వీడియో అడగండి. 12 దాటితే వద్దు. బిల్లులో 'సహజ స్ఫటికం' అని రాయనివాడికి ముందు డబ్బు వేయకండి. ఇక పేజీ వివరణ ఎప్పుడు మారుతుందో తెలీదు కాబట్టి, స్క్రీన్‌షాట్.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మొద్దు వరండాలో ఉంది. పోనీ పొయ్యిలోకైనా పనికొస్తుందనుకుంటే, దానికీ ముందు ఆరాలట.