‘లేడీస్ జెల్ సీటు’ అని చెప్పి అంటగడుతున్నారు, కొనే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో కొత్తగా సైకిల్ మొదలుపెట్టిన ఆడవాళ్లందరికీ ఈ హెచ్చరిక. సీటు నొప్పి పెడుతోందని షాపుకి వెళ్తే వెంటనే ‘లేడీస్ జెల్ సీటు’ తీసి ముందు పెడతారు. వెడల్పుగా, దిండులా మెత్తగా ఉంటుంది. కొలత చూడకుండా, బిల్లు చేతికి రాకుండా దాన్ని కొనకండి.

నాది మామూలు హైబ్రిడ్ సైకిల్, అంటే రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ సైకిల్‌కీ మధ్య రకం. కంపెనీ ఇచ్చిన సీటు గట్టిగా ఉందని మార్చడానికి వెళ్లాను. ఎంత దూరం తొక్కుతాను, ముందుకు వంగి తొక్కుతానా, నొప్పి ఎక్కడ అని షాపతను ఒక్క మాట అడగలేదు. “ఆడవాళ్లకి వెడల్పు సీటే మేడం, అందరూ ఇదే తీసుకెళ్తారు” అని 1,800 రూపాయలు తీసుకుని బిగించేశాడు. బిల్లు అడిగితే “యూపీఐ చేశారు కదా, అదే ప్రూఫ్” అన్నాడు.

కాలనీలో తిరిగినంతసేపు హాయిగానే ఉంది. ఈ సీట్లతో ఇబ్బంది అదే, షాపు ముందు ఒక రౌండ్ వేస్తే ఎవరికైనా నచ్చుతుంది. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు ఉన్న 23 కిలోమీటర్ల ట్రాక్ మీద తొక్కినప్పుడు అసలు సంగతి తెలిసింది. అరగంటకల్లా ముందు భాగం తిమ్మిరెక్కింది, తొడల లోపలి వైపు ఒరుసుకుపోయి మంట. కొన్నాళ్లకే సీటు ముక్కు దగ్గర కుట్లు ఊడి జెల్ ఒక పక్కకి జరిగింది. తీసుకెళ్లి చూపిస్తే “అలవాటు అవుతుంది మేడం” అని, గోడ మీది బోర్డు చూపించాడు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.

“అలవాటు అవుతుంది” అన్న మాట దగ్గర అందరూ ఆగి ఆలోచించాలి. కొత్తలో పిర్రల కింద, రెండు ఎముకలు సీటుకి ఆనే చోట నొప్పి రావడం మామూలే. మధ్యలో విశ్రాంతి ఇస్తూ తొక్కితే రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. తొడల మధ్య మెత్తటి భాగంలో తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం, వాపు, మూత్రానికి వెళ్తే మంట, వీటికి అలవాటు పడాల్సిన పని లేదు. తిమ్మిరి, స్పర్శ తెలియకపోవడం అంటే అక్కడి నరాలూ రక్తనాళాలూ నొక్కుకుపోతున్నాయని అర్థం. సీటు సరిచేసుకునేదాకా తొక్కడం ఆపండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకోండి. నొప్పి ఎక్కడో షాపులో మగవాళ్ల ముందు చెప్పడానికి మనకి మొహమాటం. ఆ మొహమాటం వల్లే అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగరు, పెట్టెలో ఉన్న సరుకు అమ్ముడుపోతుంది. నాకు కోపం వచ్చేది అక్కడే.

మెత్తదనం ఎక్కువైతే ఆ రెండు ఎముకలు జెల్‌లోకి దిగిపోతాయి. అప్పుడు పక్కనున్న జెల్ పైకి ఉబ్బి, బరువు మోయకూడని చోట నొక్కుతుంది. కాసేపటికి బాగుండి, దూరం వెళ్లేసరికి బాధపెట్టేది అందుకే. సీటు మరీ వెడల్పైతే తొడలు ప్రతి తొక్కుడికీ రాసుకుంటాయి. సగటున ఆడవాళ్ల ఎముకల మధ్య దూరం మగవాళ్ల కంటే కొంచెం ఎక్కువన్నది నిజమే. కానీ మనిషికీ మనిషికీ తేడా ఎంత ఉంటుందంటే, ‘లేడీస్’ అన్న పేరు చూసి సైజు చెప్పడం కుదరదు. సన్నగా ఉన్నవాళ్లకి వెడల్పు సీటు, లావుగా ఉన్నవాళ్లకి ఇరుకు సీటు సరిపోవచ్చు.

కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. పార్సిల్ పెట్టె అట్ట ముక్క ఒకటి మెట్టు మీద వేసి, పల్చటి బట్టలతో దాని మీద కూర్చోండి. కొంచెం ముందుకి వంగి, మడమలు ఎత్తి ఒక నిమిషం ఉండండి. లేచి చూస్తే రెండు గుంటలు కనిపిస్తాయి. ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి మిల్లీమీటర్లలో కొలవండి. దానికి సుమారు 20 నుంచి 30 కలిపితే మీకు కావాల్సిన సీటు వెడల్పు దగ్గరదగ్గరగా వస్తుంది. వంగి తొక్కేవాళ్లు తక్కువ, నిటారుగా కూర్చునేవాళ్లు ఎక్కువ కలుపుకోవాలి. నాకు 128 వచ్చింది. షాపతను అంటగట్టిన సీటు 200 దాటి ఉంది! ఇప్పుడు నేను వాడుతున్నది 155, మధ్యలో ఖాళీ వదిలిన రకం, చేత్తో నొక్కితే గట్టిగానే ఉంటుంది. తిమ్మిరి లేదు.

కొత్త సీటుకి డబ్బు పెట్టే ముందు ఉన్న సీటునే ఒకసారి సరిచేసి చూడండి. ముక్కు పైకి లేచి ఉంటే ముందు భాగం నలుగుతుంది. సమంగా, లేదా ఒకటి రెండు డిగ్రీలు కిందికి ఉంచండి. మరీ దించితే జారిపోయి బరువంతా అరచేతుల మీద పడుతుంది. ఎత్తు కోసం, పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్ వేసుకుంటే లోపల ఇంకేమీ వేసుకోకూడదు. లోదుస్తుల కుట్లే ఒరుసుకుని కురుపులు తెస్తాయి. ఇది మనకి ఎవరూ చెప్పరు.

వాపసు సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనని మొండికేయడం కూడా అంతే. బోర్డు పెట్టినంత మాత్రాన ఇది మారదు. అయితే సీటు నప్పలేదన్నది లోపం కిందకి రావడం కష్టం, కుట్లు ఊడటం మాత్రం లోపమే. అందుకని కొనేటప్పుడే, నప్పకపోతే మార్చి ఇస్తామని గడువుతో సహా బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే ఇంకో షాపు చూసుకోండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఊడిన చోట ఫొటోలు తీసి, యూపీఐ రసీదు దాచి, 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేనూ ఫిర్యాదు పెట్టాను, ఇంకా జవాబు రాలేదు.