తొలి అడుగుల పుస్తకం అన్నారు, అడుగులు మేమే వెతుక్కున్నాం

మా అక్క కూతురు ఎనిమిదో తరగతి. పేరు తెచ్చుకున్న ఆడవాళ్ల చిన్నతనం గురించి రాసుకు రమ్మని స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. ఫోన్ చూసి కాపీ కొట్టొద్దని పెద్దరికం చేసి, మా తిరుపతి గాంధీ రోడ్డులో ఒక షాపులో 350 రూపాయలు పెట్టి ఈ పుస్తకం కొన్నాను. షాపు పేరు, పుస్తకం పేరు ఎందుకులెండి, గొడవ. అట్ట మీద మాత్రం ‘బాల్యం, తొలి అడుగులు’ అని ఇంతింత అక్షరాలు, దానికే పడిపోయాను.

బాగున్నదే ముందు చెప్తాను. సావిత్రి గారి భాగం నిజంగా బాగుంది. 1950లో ‘సంసారం’ సినిమాకి ఆవిడను హీరోయిన్‌గా తీసుకోవడం, తీరా సెట్లో తను ఎంతో అభిమానించే నాగేశ్వరరావు ఎదురుగా నిలబడేసరికి టెన్షన్‌తో మాట రాక టేకుల మీద టేకులు తినడం, ఆ వేషం తీసేసి చిన్న పాత్రతో సరిపెట్టడం, ఇవన్నీ తొందరపడకుండా నాలుగు పేజీల్లో చెప్పారు. మా పిల్ల అక్కడ ఆగి, ‘చిన్నమ్మా, సావిత్రిని కూడా తీసేశారా?’ అంది. తీసేశారమ్మా, మూడేళ్లకే ‘దేవదాసు’లో అదే నాగేశ్వరరావు పక్కన పార్వతి అయింది అన్నాను. ఆ పూట ఇక ఫోన్ అడగలేదు. జయప్రద భాగం కూడా పర్లేదు. రాజమండ్రి స్కూల్ ఫంక్షన్లో డాన్స్ చూసి ‘భూమి కోసం’లో మూడు నిమిషాల పాటకు పిలవడం, చేతిలో 10 రూపాయలు పెట్టడం, అంతా ఉంది.

ఇక్కడి నుంచి నా కంప్లయింట్లు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అధ్యాయం 1998 భారతరత్నతో మొదలై అవార్డుల లిస్టుతోనే అయిపోతుంది. అట్ట మీద రాసింది బాల్యం కదా స్వామీ! మధురైలో వీణ వాయించే తల్లి షణ్ముఖవడివు, వయొలిన్ వాయించే అమ్మమ్మ, పదేళ్ల వయసులోనే తొలి రికార్డు... ఒక్క ముక్క లేదు. పూర్ణకుంభం సర్కిల్లో ఆవిడ విగ్రహం పక్కనుంచే రోజూ ఆఫీసుకు పోతాను, పొద్దున లేస్తే ఆవిడ సుప్రభాతమే వినపడుతుంది, అలాంటి ఊళ్లో అమ్మే పుస్తకంలో ఇదా?

రోజా విషయం ఇంకా ఘోరం. 1992లో తమిళ సినిమాతో తెరకు పరిచయం అని రాసేశారు. అంతకు ముందు సంవత్సరమే రాజేంద్రప్రసాద్‌తో ‘ప్రేమ తపస్సు’ వచ్చింది, దాన్ని తీసింది మన డాక్టర్ శివప్రసాద్, తర్వాత చిత్తూరు ఎంపీ అయి పార్లమెంటుకు రకరకాల వేషాల్లో వెళ్లాడే, ఆయనే. తిరుపతిలో, అందులోనూ పద్మావతి మహిళా యూనివర్సిటీ వైపు, ఎవరినడిగినా చెప్పే సంగతి ఇది. శ్రీదేవి గురించి బాలనటిగా మొదలవడం, 1976లో 13 ఏళ్ల పిల్ల హీరోయిన్ అయిపోవడం, అన్నీ రాసి, వాళ్లమ్మ తిరుపతి ఆవిడ అన్నది మాత్రం వదిలేశారు. తప్పని అనను గానీ మనసుకు కొంచెం గుచ్చుకుంది.

బైండింగ్ సంగతి సరే. రెండో రోజుకే మధ్యలో ఒక కట్ట ఊడి చేతికొచ్చింది, చూస్తే ఎండిన జిగురు పెళుసుగా రాలుతోంది. ధర స్టిక్కర్ గోటితో గీకితే కింద ఇంకో స్టిక్కర్, 275. షాపుకెళ్లి చూపిస్తే, ‘ఒకసారి తెరిస్తే వాపసు తీసుకోం మేడమ్’ అన్నాడు. తెరవకుండా పుస్తకం ఎట్లా చదవాలో ఆ నాయనే చెప్పాలి.

అయిదుకి రెండున్నర ఇస్తున్నాను, అందులో రెండు సావిత్రి గారివే. అర్జెంటుగా పిల్లల ప్రాజెక్టుకు కావాలంటే కొనండి గానీ, సంవత్సరాలు ఇంకోచోట సరిచూసుకోకుండా మాత్రం రాయించకండి. మా పిల్ల చివరికి సావిత్రి పేజీలు నాలుగూ ఫెవికాల్‌తో అంటించుకుని, రోజా గురించి వాళ్ల తాతను అడిగి రాసుకుంది. పుస్తకం ఇప్పుడు అల్మారాలో రబ్బరు బ్యాండు వేసుకుని ఉంది, ఎవరికైనా కావాలంటే 100కి ఇచ్చేస్తాను.